అంచుదాకా పోసిన టీ

ఉదయగిరిలో మేం చెక్క గరిటెలు చెక్కుతాం. ఆ గరిటెలే నన్ను కిర్గిజ్‌స్థాన్ దాకా తీసుకెళ్లాయి. పది రోజుల హస్తకళల మేళా. బస హోటల్లో కాదు, ఉన్నితో తివాచీలు చేసే ఒక ముసలావిడ ఇంట్లో. ఆవిడకు తెలుగు రాదు, నాకు ఆవిడ భాష రాదు. ఆత్మకూరు నుంచి వెళ్లి అక్కడ తెలుగు విద్యార్థులకు మెస్ నడుపుతున్న ఒకాయన ఫోన్ నంబరు ఒక్కటే నాకు దిక్కు.

మొదటి సాయంత్రమే ఆవిడ నాకు టీ పోసింది. చిన్న పింగాణీ గిన్నె, అందులో అడుగున రెండు గుక్కలు. తాగాను. మళ్లీ రెండు గుక్కలు. మూడు రోజులూ ఇదే వరస. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. మా ఇంట్లో ఎవరికైనా సగం గ్లాసు టీ ఇస్తే మా నాయన ఊరుకునేవాడు కాదు. "వచ్చినోళ్లకి పోసేటప్పుడు చెయ్యి బిగబట్టొద్దుమే" అని అందరి ముందే కసిరేవాడు. ఇంత పెద్ద ఇల్లు, బయట అన్ని గొర్రెలు, టీ దగ్గర ఈ పిసినారితనం ఏమిటని లోలోపల ఈసడించుకున్నాను.

నాలుగో రోజు, మర్యాదంటే ఏమిటో చూపిద్దామని నేనే వంటింట్లో దూరాను. నేను తెచ్చుకున్న టీపొడిలో పాలు, చక్కెర, యాలకులు వేసి మరిగించి, ఆవిడ గిన్నెను అంచుదాకా నింపి రెండు చేతులతో అందించాను. ఆవిడ ముఖం వాడిపోయింది. గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. టీ అంతా తాగేసి, లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కంగారుపడి మెస్ ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"కొంప ముంచినావు గదక్కా! ఈడ గిన్నె నిండా పోస్తే, తాగి లేచి పొమ్మని. ఆమె ఇంట్లో కూర్చోని ఆమెనే పొమ్మంటివి!"

"మరి నాకు రెండు గుక్కలే పోస్తా ఉండాదే?"

"మళ్లా మళ్లా పోసేదానికి. నువ్వు ఇంకాసేపు కూర్చోవాలని. నేను ఫోన్‌లో చెప్తాన్లే, తెలీక చేసినావని."

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు రోజులుగా ఆవిడ నన్ను ఉండమ్మా, ఉండమ్మా అంటుంటే, నేను పిసినారి అని పేరు పెట్టాను.

"వద్దన్నా. తప్పు నా చేత్తో చేసినాను, నా చేత్తోనే దిద్దుకుంటా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కంటే ముందు కెటిల్ దగ్గర కూర్చున్నాను. ఆవిడ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. క్షమించకపోతే మిగిలిన రోజులు ఏ ముఖం పెట్టుకుని ఆ ఇంట్లో ఉండను? గిన్నెలో సరిగ్గా రెండు గుక్కలు పోసి చాచాను. ఆవిడ ఆ గిన్నెలోకి చూసి, వచ్చి ఎదురుగా చతికిలబడి తాగింది. ఖాళీ గిన్నె నా వైపు చాచింది. పోశాను. మళ్లీ చాచింది. ఆరోసారికి నా మోకాలి మీద ఫట్‌మని ఒకటిచ్చి పడీ పడీ నవ్వింది. ఉదయగిరి కోట గెలిచిన రాజులకు కూడా అంత సంబరం కలిగి ఉండదు. ఆ రోజు మేళాలో నా స్టాల్ రెండు గంటలు ఆలస్యంగా తెరిచాను. గిరాకీ పోతే పోయింది.

తిరిగి వచ్చే రోజు మెస్ ఆయన కారు తెచ్చి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. "అక్కా, ఫ్లైట్ పోతాది!" అని బయట నుంచి కేక. ఆవిడ కెటిల్ ఎత్తింది. ఈసారి నిండా పోస్తుందనే అనుకున్నాను, పోసినా తప్పు లేదు. రెండు గుక్కలే పోసింది. తాగేసి, ఖాళీ గిన్నె మళ్లీ చాచాను.