తెల్లమ్మ మీద పడ్డ నింద

మొన్న ఉదయం మంగళగిరిలో మా ఫ్లాట్‌లో బీరువా కింది అర తీయగానే, మడతపెట్టిన నేతచీరల మధ్య నుంచి ముక్కు పగిలే వాసన వచ్చింది. పిల్లి ఉచ్చ. మా అమ్మాయి పెంచుకుంటున్న పిల్లికి బాల్కనీలో ప్లాస్టిక్ తొట్టె, అందులో కొనుక్కొచ్చిన మట్టి, సకల మర్యాదలూ ఉన్నాయి. అయినా కొద్దిరోజులుగా అది తొట్టె మొహం చూడకుండా పరుపు, సోఫా, చీరలు దేన్నీ వదలడం లేదు. ఎవరికైనా ఇచ్చేద్దామని మావారు పట్టుబట్టారు, అమ్మాయి అన్నం మానేసింది. నేను మాత్రం ఆ చీర చేత్తో పట్టుకుని, చిన్నప్పుడు దర్శి దగ్గర మా ఊళ్ళో పత్తి పోసిన ముందుగదిలోకి వెళ్ళిపోయాను.

ఆ రోజుల్లో ధర కుదిరేదాకా పత్తి ఇంట్లోనే ఉండేది. చలికాలం వచ్చిందంటే ముందుగది దూలాల దాకా తెల్లగా నిండిపోయేది, మంచాలు వసారాలోకి వచ్చేవి, పిల్లలం ఆ కుప్ప మీద ఎక్కి దూకి, జుట్టునిండా దూదీ వీపునిండా దురదా అంటించుకుని, సాయంత్రం పొయ్యి దగ్గర చేరి సజ్జరొట్టెలోకి బెల్లం నంజుకునేవాళ్ళం. ఎలుకల కోసం తెచ్చిన పిల్లి తెల్లమ్మ. పెరట్లో పొయ్యి బూడిద పోసే మూల దాని చోటు. పొద్దున్నే వెళ్ళి గుంట తీసుకుని, పని కానిచ్చి, కప్పెట్టి, వాసన చూసుకుని మరీ వచ్చేది. మనుషులకంటే నయం అనేది మా నాయనమ్మ. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు రాదు.

మిరప కోతలు మొదలయ్యాక ఆ తెల్లమ్మే పత్తికుప్ప తడపసాగింది. చూడవచ్చిన బేరగాడు పిడికెడు పత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి కుప్ప మీదే పడేసి వెళ్ళిపోయాడు. దీన్ని ఇంట్లో ఉంచుకుని పత్తి అమ్మాలనుకోవడం పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్ళికి పోయినట్టే అంది నాయనమ్మ. మా వైపు పిల్లిని వదిలించుకోవాలంటే గోనెసంచిలో కట్టి, దారి గుర్తుండకుండా గిరగిరా తిప్పి, పరాయి ఊళ్ళో విడిచిపెట్టి వస్తారు. మర్నాడు అద్దంకి వెళ్ళే నాన్నకి ఆవిడ ఆ పని అప్పజెప్పింది. ఆ వయసులో నాకు తెల్లమ్మ కంటే ఎక్కువైనవాళ్ళు ఎవరూ లేరు. ఏడ్చాను, కాళ్ళు పట్టుకున్నాను, ఎవరూ వినలేదు.

పొద్దున నాయనమ్మ పెరట్లో సంచి దులుపుతుంటే తెల్లమ్మ ఎప్పట్లా బూడిద మూలకే వెళ్ళింది. గీకింది, తుమ్మింది, పాదం విదిలించి నాకింది, నాకినకొద్దీ మూతి రుద్దుకుంటూ ఇంట్లోకి పరుగెత్తింది. నాయనమ్మ సంచి పక్కన పడేసి, వంగి ఆ బూడిద కదిపింది. నిండా మిరప తొడిమలు, గింజలు, ఎర్రటి దుమ్ము. వసారాలో కూలివాళ్ళు కాయలకి తొడిమలు తీస్తుంటే ఆ ఊడ్పులన్నీ అక్కడ పోయమన్నది ఆవిడే.

"కాళ్ళు మండుతుంటే అది మాత్రం ఎక్కడికి పోద్దే? మనమేగా తరిమింది," అంది నాతో.

మాకు రొట్టె మీద పిసరంత రాయడానికే ఆలోచించే మనిషి, ఉట్టి మీంచి వెన్న దించి, తెల్లమ్మని ఒళ్ళో అదిమిపట్టి నాలుగు పాదాలకీ పట్టించింది. ఊడ్పులు ఊరవతల పెంటదిబ్బకి పంపి, పెరట్లో ఇంకో మూల మెత్తటి మట్టీ కొత్త బూడిదా పోయించింది. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుందని తడిసిన పత్తి తీసేయించి, నేల తోమించి, ముందుగదికి గడియ పెట్టించింది. తెల్లమ్మ కొన్నాళ్ళు ఆ కొత్త మూల చుట్టూ అనుమానంగా తిరిగి, చివరికి నమ్మింది. మా ఇంట్లోనే ముసలిదైంది.

చీర నానబెట్టి నేనూ బాల్కనీలో తొట్టె దగ్గర వంగి వాసన చూశాను. గులాబీ అత్తరు గుప్పున కొట్టింది. ఇంట్లో పిల్లి కంపు ఉండకూడదని మావారు ముచ్చటపడి మార్చిన సెంటు మట్టి అది. నాకే తుమ్ములొస్తే దానికెలా ఉంటుంది? తొట్టె కడిగి, వాసన లేని పాత రకం తెప్పించి పోశాం. ఇప్పుడు మా ఊళ్ళో పత్తి చేలోంచే లారీ ఎక్కుతోంది, మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, చారెడు బూడిద కావాలన్నా ఏ ఇంట్లోనూ దొరకదు. సాయంత్రం మావారితో సహా ముగ్గురం తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పిల్లి వచ్చింది, కాలు పెట్టి తీసింది, మళ్ళీ పెట్టి, గుంట తవ్వుకుంది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు వెంటనే ఈ సంగతి నాయనమ్మకి చెప్పాలనిపించింది.