పన్ను మీద తెల్లచుక్క

ఎర్రయ్య పొద్దున ముఖం కడుక్కోగానే కుడివైపు కింది దవడ పన్నును వేలితో రుద్ది, ఆ వేలిని వాసన చూసుకుంటాడు. అది కానిదే చాయ్ ముట్టడు.

"ఏం గలీజు అలవాటయ్యా! పొద్దుగాల్నే నోట్లె ఏలు," అని భార్య వెంకటమ్మ రోజూ విసుక్కుంటుంది.

"నీకు తెల్వది, ఊకో," అంటాడు.

లాల్‌పేట్‌లో వాళ్ల ఇల్లు, మహారాష్ట్రలోని చంద్రపూర్ ఊళ్లో. ఎర్రయ్య బొగ్గుబాయిలో తాపీమేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటే, అక్కడికి పోయే సొరంగం దారికి అడ్డంగా గోడ కట్టి గాలి అందకుండా మూసేయడం అతని పని. గాలి ఆగితే నిప్పు చస్తుంది. అతుకులో ఎక్కడైనా సందు మిగిలితే మాత్రం గోడ ఇవతల చల్లగానే ఉంటుంది, అవతల మండుతూనే ఉంటుంది. ఒకసారి అలాంటి గోడకే వీపు ఆనించి సద్ది తిన్నాడు. లోపల బొగ్గు కాలితే వచ్చే నూనె వాసన తగిలి లేచి వచ్చాడు. మర్నాడు ఆ దారి మొత్తం మూసేశారు. వీపుకు తగిలిన ఆ చల్లదనం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పోయిన వానాకాలం దవడ పన్ను పోటెత్తింది. దానికి ఎప్పుడో పింగాణీ తొడుగు వేయించాడు. చంద్రపూర్ బజారులో పళ్ల దవాఖాన నడిపే పల్లవి, రాజురా వైపు తెలుగువాళ్ల పిల్ల, తొడుగు తీయకుండానే దానికి చిన్న రంధ్రం చేసి లోపలి వేర్లు శుభ్రం చేసింది. ఆ రంధ్రాన్ని పంటి రంగు కాంపోజిట్ ముద్ద‌తో పూడ్చి, నీలం దీపంతో గట్టిపరిచింది.

"సందుల నుంచి నీళ్లు లోపటికి జారయి గద బిడ్డా?"

"గట్టిగనే ఉంటది కాకా. గీ ముద్ద పంటిని పట్టుకున్నంత బలంగ తొడుగును పట్టుకోదు, అందుకే మందు రాసి గరుకు చేసి పెట్టిన. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకో."

అంత చెప్పినా ఎర్రయ్య మనసులో 'పట్టుకోదు' అన్నదొక్కటే మిగిలింది.

దానికి తోడు ఇస్తారి. బాయిలో అతనికి ఇటుకలందించిన దోస్తు. పంటి కింద చీము పట్టినా, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడు. దవడ వాచింది, వాపు గొంతుకు దిగింది, నాగపూర్ చేర్చేసరికి ఊపిరాడలేదు. పాడె మీద ఇస్తారి మెడను చూసిన నాటి నుంచీ ఎర్రయ్యకు నొప్పి లేని పన్నంటేనే భయం. నొప్పి ఉంటే తెలుస్తుంది. లేకపోతే ఎట్లా తెలుస్తుంది?

వాసన ఒక్కటీ చాలదనిపించింది. వెంకటమ్మ చూడకుండా పిన్నీసు మొనతో అతుకు చుట్టూ గీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. నున్నగా తిరిగితే ఆ రోజుకు బతికినట్టు.

ఒకనాడు మొన తట్టుకుని ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే ఆగింది. గచ్చు మీద కూలబడ్డాడు. మెడ తడుముకున్నాడు. లావైందా?

"ఏమైందయ్యా? గుండెల నొస్తుందా?"

"అతుకు తెరుచుకున్నదే ఎంకటీ. ఇస్తారి తీర్గనే పోత నేను."

ఆటోలో దారి పొడుగునా మెడ మీంచి చెయ్యి తీయలేదు.

పల్లవి ఎక్స్‌రే తీసి, అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"వేర్లు సాఫ్ ఉన్నయి కాకా. లోపల ఏం లేదు. పైన అంచు కాడ గాడి పడ్డది, గంతే. బువ్వ నమిలితె గిట్ల కాదు. దేంతోని గెలికినవ్?"

వెంకటమ్మ వంగి, ఎర్రయ్య అంగీ జేబులోంచి పిన్నీసు తీసి బల్ల మీద పెట్టింది.

"నా పిన్నీసులు ఎలుకలు ఎత్కపోతున్నయనుకున్న. గీ ముసలి ఎలుకనా!"

పల్లవి నవ్వు ఆపుకుంది. "బాయిల గోడలను గూడ గిట్లనే పొడిచి చూసేటోళ్లా కాకా?"

"పొడుస్తె ఇంకేమన్న ఉన్నదా! మనమే సందు చేసినట్టు గాదూ? గోడకు సున్నం కొడ్తుంటిమి. తెల్లగుంటె ఎంట్రుకంత పగులొచ్చినా కండ్లవడ్తది. దీపం పెట్టి చూసుడే, ముట్టుడు లేదు..."

అంటూనే ఆగిపోయాడు. పిన్నీసు వంక చూడలేక తల తిప్పుకున్నాడు.

"ఇగ ఎన్నటికీ ఏం గాదని చెప్పరాదు బిడ్డా," అని బతిమాలాడు.

"గట్ల చెప్పలేను కాకా. అతుకు అతుకే. గాడి పడ్డంత మేర తీసి కొత్తది పెడ్త. మధ్య మధ్యల చూసుకుంట ఉందాం."

ఎర్రయ్య పన్ను వైపు వేలు చూపాడు. "అయితె పంటి రంగుది పెట్టకు. సున్నం లెక్క తెల్లగ పెట్టు. పగులొస్తె కనవడాలె."

"మచ్చ లెక్క ఉంటది మరి."

"ఎవలు చూస్తరు?"

"ఇంకెవలు? నేనే," అంది వెంకటమ్మ. "సూది, పిన్నీసు ఇంట్ల నీ చేతికందనియ్య."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఎర్రయ్య వాకిట్లో పీట మీద కూర్చుని నోరు తెరుస్తాడు. వెంకటమ్మ సెల్‌ఫోను లైటు వేసి తొంగి చూస్తుంది. ఆమె చూసినంతసేపూ అతను చేతులు తొడల కింద పెట్టుకుంటాడు.

"తెల్లగనే ఉన్నది. మూసెయ్ ఇగ."

"ఇంకోపారి చూడే," అంటాడు.

ఆమె మళ్లీ లైటు వేస్తుంది.