ఆమెన్ పడని ప్రార్థన

టెక్సస్‌లో మా ప్లేనో తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా మొహం మీద చెప్పలేని మాట ఉంటే కళ్లు మూసుకుని దేవుడికి చెబుతాం, ఆ మనిషికి వినపడేలా. ఒకసారి మా ఇంట్లోనే, "ప్రభువా, ఈ గృహములోని యౌవనస్థులకు తగిన వస్త్రధారణ నేర్పుము" అని ప్రార్థన జరిగితే, నేనే అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాను. ఈ గృహమంటే మా గృహమేననీ, యౌవనస్థులంటే చిరుగుల జీన్స్ వేసుకుని తిరిగే మా అమ్మాయేననీ గిన్నెలు కడుక్కునేటప్పుడు గానీ తట్టలేదు.

ఈ విద్యలో షాలేం రాజు గారిని మించినవాళ్లు లేరు. సంఘ పెద్ద. ఎవరు ఆసుపత్రిలో పడినా అన్నం క్యారియర్‌తో ముందు వచ్చేది ఆయనే, అందుకని ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ఆ శనివారం మాత్రం కష్టపడకుండానే వచ్చింది.

విమలకుమారిది నరసాపురం. యాభై దాటిన మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. భర్త జోసఫ్ గారు పోయాక ఒక్కతే ఉంటోంది. కూతురు ఫెబీ ఎక్కడో దూరాన రెడ్‌మండ్‌లో పనిచేస్తుంది. సంఘంలో ఆవిడ గొంతు సరిగ్గా విన్నవాళ్లు లేరు. పాట కూడా పక్కవాళ్ల వెనక దాక్కుని పాడుతుంది. కార్లు దూసుకుపోయే ఫ్రీవే అంటే హడలు. ఎంత దూరమైనా లోపలి రోడ్ల మీదే డ్రైవ్ చేసుకుంటూ, ఆదివారం సగం పాటలయ్యాక చేరుతుంది. అలాంటి మనిషి ఆ సాయంత్రం మా ఇంటి ప్రార్థన కూడికలో, ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని అడగ్గానే చెయ్యెత్తింది.

"నాకు ఫాస్టర్ కేర్ లైసెన్స్ వచ్చిందండీ. అమ్మానాన్నల దగ్గర ఉండే వీల్లేని పిల్లల్ని కొన్నాళ్లు మనింట్లో పెంచడానికి. ఎప్పుడైనా ఫోన్ రావచ్చు. నాకు భయం లేకుండా ప్రార్థన చెయ్యండి."

ముందుగా తేరుకున్నది షాలేం రాజు గారి భార్య ప్రిస్సిల్లా.

"ఎవరి పిల్లలే?"

"తెలీదక్కా."

"ఎన్నాళ్లుంటారు?"

"అదీ తెలీదు."

"మనవాళ్లేనా? అంటే... ఇండియన్సా?"

"ఎవరైనా కావచ్చు."

"ఓరి దేవుడా! ఫెబీ ఏమంది?"

"'మామ్, నీకు ఫ్రీవే అంటేనే భయం, ఇదెలా చేస్తావ్?' అంది. వద్దని మాత్రం అనలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గదిలో ఎవరిని లేపినా ఒకటే సాక్ష్యం: ఎవరూ తెలియని దేశానికి దేవుడే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడని. పట్టుకున్నాడు, కాదనను. రెండో చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో బాబాయి కొడుకు కారు పెట్టుకుని నిలబడ్డాడు. బైబిల్లో అబ్రాహాముకి ఎయిర్‌పోర్ట్ పికప్ ఎవరిచ్చారు? ఎక్కడికో తెలియకుండా బయలుదేరిన ఆ పెద్దాయన మీద ఏటేటా ప్రసంగం విని కళ్లు తుడుచుకుంటాం. తీరా మన మధ్యలోంచి ఒక మనిషి లేచి అలాగే బయలుదేరతానంటే, ఇండియన్సా అని అడుగుతాం!

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు షాలేం రాజు గారు. అందరం కళ్లు మూసుకున్నాం.

"ప్రేమగల తండ్రీ, మా సహోదరి ఒంటరితనమును చూడుము. ఆమె తొందరపాటును క్షమించుము. ఆమె వయసును జ్ఞాపకము చేసుకొనుము. తెరవకూడని తలుపులను నీవే ముయ్యుము..."

"అవును ప్రభువా," అన్నారెవరో.

"అన్నా."

ప్రార్థన మధ్యలో! పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలం మేము. నేను ఒక కన్ను తెరిచాను. విమలకుమారి లేచి నిలబడి ఉంది.

"ఇది నాకు చెప్పాలనుంటే నా మొహం చూసి చెప్పండన్నా. దేవుణ్నెందుకు అడ్డం పెట్టుకుంటారు? తలుపు ముయ్యమని నేనడగలేదు. భయమేస్తోందన్నాను. ఆ ఒక్కటీ అడగండి, లేకపోతే ఊరుకోండి."

పాపం, షాలేం రాజు గారికి కళ్లు తెరవాలో వద్దో తెలియలేదు. ఆమెన్ పడందే తెరిచే అలవాటు లేదు. నేనే లేచి బజ్జీల పళ్లెం తెచ్చాను. ఎవరూ ముట్టుకోలేదు.

బజ్జీలు చల్లారుతుండగా ఆవిడ ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కేసింది, ఫాస్టర్ కేర్ ఆఫీసువాళ్ల మాటలు అందరం విన్నాం. అయిదేళ్ల పాప. ఎన్నాళ్లో చెప్పలేరు. ఇప్పుడే వచ్చి తీసుకెళ్లగలరా?

పదేళ్లు పైబడిన పిల్లలనుకుని మంచం, చదువుకునే బల్ల కొనిపెట్టుకుంది విమలకుమారి. అయిదేళ్ల పిల్ల సంగతి ఏమీ అనుకోలేదు. కాసేపు కళ్లు మూసుకుంది. పెదవులు కూడా కదల్లేదు.

"యెస్. ఐయామ్ కమింగ్," అంది. ఫోన్ పెట్టేసి కారు తాళాలు తీసుకుంది. "ఆఫీస్ ఫోర్ట్‌వర్త్ అవతలట. ఫ్రీవే ఎక్కాలి."

షాలేం రాజు గారు గొంతు సవరించుకున్నారు. మళ్లీ తండ్రీ అంటారేమోనని నేను పళ్లు బిగించాను.

"కారులో పిల్లలు కూర్చునే బూస్టర్ సీట్ ఉందామ్మా?"

"లేదన్నా."

ఆయన బయటికెళ్లి, తన కారులోంచి మనవడి సీటు ఊడదీసి, అందులోని జంతికల పొడి అంతా మా వాకిట్లో దులిపి, ఆవిడ కారులో బిగించారు. బెల్టు ఒక పట్టాన పడలేదు. ప్రిస్సిల్లా వంగి సర్దింది.

"నేను డ్రైవ్ చెయ్యనా?" అన్నారాయన.

"వద్దన్నా. ఈ దారి నాకే అలవాటవ్వాలి."

"పోనీ వెనకాల రానా?"

"రండి. హార్న్ మాత్రం కొట్టకండి."

ఆయన కళ్లు తెరిచే, ఆవిడ మొహం చూస్తూ అన్నారు: "ప్రభువా, మా చెల్లెలికి భయమేస్తోంది. నాక్కూడా. తోడుండు."

ఈసారి ఆమెన్ వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ఆ సంగతి ఆయనకి మొహం మీదే చెప్పాను. పాప వచ్చింది. పేరు బయటికి చెప్పకూడదని రూలు. ఆ సాయంత్రం ఫ్రీవే మీద విమలకుమారి గంటకి నలభై మైళ్లు దాటలేదట, ఆవిడ వెనక ఆయనా దాటలేదట. ఆ వెనక కార్లవాళ్లు మాత్రం, మా సంఘంవాళ్లు కారు కాబట్టి, చెప్పదలుచుకున్నది హార్న్ కొట్టి నేరుగానే చెప్పారట.