మా అమ్మ ఏడుపును స్టేజీ ఎక్కించిన మనిషి

ఆ మనిషి మీద నాకు ఇంకా కోపం ఉంది. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో క్షమించేస్తానేమోనని ఎదురు చూడకండి.

ఆవిడ హైదరాబాద్ నుంచి వచ్చింది. నాటకాలు వేస్తుంది. నేను ఈ దీవిలో, జంగ్లీఘాట్ రేవు దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను. మేమిద్దరం కలుసుకున్నది డైరీ ఫార్మ్ అనే పేటలోని ఒక హాల్లో, వారం రోజుల వర్క్‌షాపులో. కళ, వారసత్వం, పౌరసత్వం అని బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో రాశారు. నాలుగైదు దేశాల నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసినవాళ్ళు కూడా మెడలో ‘లెర్నర్’ అనే కార్డు వేసుకుని బడిపిల్లల్లా తిరిగారు. ఇక్కడివాళ్ళు కూడా కొందరు ఉండాలట. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ నన్నడక్కుండానే నా పేరు ఇచ్చేసింది. మధ్యాహ్నం భోజనం వాళ్ళదే, ఆఖరున సర్టిఫికెట్. చదువు పదితో ఆగిపోయినదాన్ని, సర్టిఫికెట్ అనేసరికి ఆశ పుట్టింది. షాపుకు తాళం వేసి వెళ్ళాను.

మొదట్లో బాగానే ఉంది. బొమ్మలు వేశాం, మా వీధుల మ్యాపు గీశాం, నువ్వు ఎక్కడి మనిషివి అని ఒకరినొకరు అడుక్కున్నాం. మా తాతలది శ్రీకాకుళం వైపు తీరం, నేను మాత్రం ఇక్కడే పుట్టాను అని చెబితే అందరూ శ్రద్ధగా విన్నారు. నా బతుకులో నా మాటను అంతమంది కూర్చుని వినడం అదే మొదలు. అందుకే కాబోలు, కాస్త మెత్తబడ్డాను.

ఒకరోజు మమ్మల్ని జతలుగా కూర్చోబెట్టారు. నడిపించేది ఒక తెల్లావిడ, కొద్దిగా హిందీ వచ్చు. మీ ఇంట్లో విన్న శబ్దం ఒకటి మీ జతకు వినిపించండి, అది మీ ఇద్దరి మధ్యే ఉండిపోవాలి అంది. నా జత హైదరాబాద్ ఆవిడ. వాళ్ళ నానమ్మ రోటి చప్పుడు గురించి చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “చెప్పక్కా” అంది.

చెప్పాను. మా నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. వెతికేవాళ్ళు ఇక లాభం లేదన్న రోజు అమ్మ రేవులో కూలబడి శోకం ఎత్తుకుంది. మావాళ్ళలో చావు ఏడుపుకు మాటలుంటాయి, రాగముంటుంది. పోయిన మనిషితో మాట్లాడుతూ ఏడుస్తారు. గుట్టంతా అందులోనే బయటపడిపోతుంది.

“ఓ మావో, యే రేవున దిగినావు మావో,
నీ సొక్కా తాడు మీదే ఉండిపోనాది మావో,
పొద్దు పొద్దున్నే తగువాడినాను మావో,
కడుపు మాడ్సుకొని ఎల్లిపోనావు మావో…”

ఆ చివరి మాటే అమ్మను ఇప్పటికీ తినేస్తున్న మాట. ఆ పొద్దున తాగుడు గురించి నాన్నతో గొడవపడింది. ఆయన గంజి ముట్టకుండా పడవెక్కాడు. ఇన్నేళ్ళలో ఆ పొద్దుటి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే అమ్మ అన్నం మానేస్తుంది.

గొంతు తగ్గించి అదంతా పాడి వినిపించాను. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. నా ఖర్మ, ఆ నీళ్ళు చూసి ఆవిడను నా మనిషే అనుకున్నాను. ఒళ్ళో ఫోను రికార్డు చేస్తోందని నాకేం తెలుసు?

ఆఖరి రోజు ప్రదర్శన, మా ఇళ్ళవాళ్ళందరినీ పిలిచారు. దానికి ముందురోజు రిహార్సల్లో ఆవిడ తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని “ఓ మావో” అని ఎత్తుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దిగగానే రెక్క పట్టుకుని పక్కకు లాగాను.

“మేడం, అది పాట కాదు, మా అమ్మ ఏడుపది. రేపు మా అమ్మ వస్తాది. ఆవిడ ముందర ఎలాగ పాడతారు మీరు?”

“అక్కా, మీరు ఎమోషనల్ అవుతున్నారు. ఇది మీ అమ్మగారొక్కరిదే కాదు కదా, మనందరి వారసత్వం. మత్స్యకార మహిళల సంప్రదాయ గీతం అని చెప్పిస్తాను. ఆవిడ ఎంత గర్వపడతారో చూడండి.”

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. తెల్లావిడ దగ్గరికెళ్ళి హిందీలో మొర పెట్టుకున్నాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, కళ ఎవరి సొత్తూ కాదంది. వీడియో తీసి తమ దేశంలో నలుగురికీ చూపిస్తామని కూడా చెప్పింది, నేను సంతోషిస్తాననుకుని.

ఇంటికొచ్చి, “రేపు రాకమ్మా, బోర్ కొడతాది” అన్నాను.

“నీకు సర్టిఫికెట్ ఇత్తారంట, నాను రాకపోతే ఏటి బాగుంటాది? సీర ఇస్త్రీ కూడా సేయించీసినాను” అంది అమ్మ.

ఎందుకు రావద్దంటున్నానో చెప్పాలంటే ఆ పొద్దుటి మాట ఎత్తాలి. నోరు రాలేదు. అమ్మను ఆపలేను, ఆ హైదరాబాద్ ఆవిడనూ ఆపలేను. సరే, పాడనీ, పాడినందుకు ఏమవుతుందో అదీ చూస్తుంది అనుకున్నాను.

మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు శోకం ఎత్తుకున్నా విన్న ఆడది ఊరుకోకూడదు. పగదాని గొంతైనా సరే, వెళ్ళి మెడ కౌగిలించుకుని కలిసి ఏడవాలి, పోయిందెవరో అడగాలి. చావు లేని ఇంట్లో శోకం ఎత్తితే చావును పేరు పెట్టి పిలిచినట్టే. మా పెద్దమ్మ ఈ విషయంలో మరీ ఘటికురాలు. ఎక్కడ ఏడుపు వినిపించినా పొయ్యి మీద చేపల కూర వదిలేసి పరిగెడుతుంది. “రేపు సమోసాలు, టీ ఉంటాయి పెద్దమ్మా, నీ జట్టును కూడా తీసుకురా” అని పిలిచాను. నాటకం అన్న మాట మాత్రం చెప్పలేదు. మొదటి “మావో”కే వాళ్ళు లేస్తారు, ఆ చివరి మాట అమ్మ చెవిన పడేలోపే అంతా ఆగిపోతుంది అని నా ఎత్తు.

పెద్దమ్మనూ ఆమె జట్టు ముగ్గురినీ ముందు వరసలో కూర్చోబెట్టాను. అమ్మను వెనక, ఫ్యాను కింద. మైకులో పరిచయం ఇంగ్లీషులో చెప్పారు, పెద్దమ్మకు ఒక్క ముక్కా అందలేదు. తెల్లచీరలో హైదరాబాద్ ఆవిడ స్టేజీ మీదికొచ్చి శోకం ఎత్తుకుంది. పెద్దమ్మ ఉలిక్కిపడింది, కానీ చేతిలో వేడి టీ గ్లాసు. దాన్ని ఎక్కడ పెట్టాలో వెతుక్కునేలోపే “కడుపు మాడ్సుకొని” అన్న మాట మైకులో ఖంగుమంది. అమ్మ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

“అయ్యో నా తల్లీ! ఎంత కట్టమొచ్చిందే నీకు!” పెద్దమ్మ స్టేజీ ఎక్కి ఆవిడ మెడ పట్టేసుకుంది. మిగతా ముగ్గురూ చుట్టూ చేరారు. ఎవరి చావులు వాళ్ళకు గుర్తొచ్చాయి, నలుగురూ నాలుగు శోకాలు ఎత్తుకున్నారు. తెల్లవాళ్ళు ఇదీ నాటకంలో ముక్కే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆవిడ జుట్టు పెద్దమ్మ గాజుల్లో చిక్కుకుంది. నాకు పండగలా ఉంది.

“ఎవులు పోనారే? నీ పెనిమిటా?”

“కాదండీ, వదలండి, ఇది పెర్ఫార్మెన్స్…”

“మొగుడున్నాడా, నేడా?”

“ఉన్నారండీ, హైదరాబాద్‌లో!”

పెద్దమ్మ చటుక్కున చేతులు తీసేసింది. “బతికున్నోడికి ఏడుత్తున్నావేటే! పాగల్ హై క్యా? ఫోన్ సెయ్యి. ముందు ఆడి గొంతు మాకు ఇనిపించు.”

ఆవిడ ఎలాగో నవ్వి ఫోను తీసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. నవ్వు పోయింది. “పొద్దున కారులో బయల్దేరుతానన్నారు…” అంది తనలో తానే. నలుగురు ఆడవాళ్ళూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడ మూడోసారి నొక్కింది. నా కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎత్తకు నాయనా, కాసేపు ఎత్తకు అని ముక్కూ మొహం తెలియని ఆ మగాణ్ణి మనసులో వేడుకున్నాను.

అప్పుడు వెనక నుంచి అమ్మ వచ్చింది. మెల్లగా మెట్లెక్కి, ఆవిడకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

“సెయ్యమ్మా, మళ్ళీ సెయ్యి” అంది. “నానూ అలాగే సేసినాను. స్విచాఫ్ అని హిందీలో సెప్పీది ఒకత్తి. అయినా సేసీదాన్ని, ఇంట్లో అందరూ నిద్దరోయినాక. రేవులో ఏడిసినప్పుడు కూడా నాను నమ్మనేదు. ఓనాడు ఎవుడో ఎత్తినాడు. హలో, కౌన్ అన్నాడు. ఆ నంబరు ఇంకెవుడికో ఇచ్చీసినారంట. ఆ దినం నమ్మినాను, మా మావ పోనాడని.”

ఈ సంగతి నాకు తెలియదు. అదే ఇంట్లో, అదే గదిలో పక్కనే పడుకున్నదాన్ని, నాకు తెలియదు.

ఫోను మోగింది. “ఎక్కడ చచ్చావ్!” అని అరిచి, నాలుక కరుచుకుని, ఆవిడ భోరుమంది. డ్రైవింగ్‌లో ఉన్నానే, ఏమైంది అంటోంది అవతలి గొంతు. ఈసారి మాటలూ లేవు, రాగమూ లేదు. ముక్కు కారిపోతోంది, తెల్లచీర కొంగుతో తుడుచుకుంది. పెద్దమ్మ హమ్మయ్య అని చతికిలబడింది.

అమ్మ మాత్రం లేవలేదు. కంట తడి కూడా లేదు. కుడి అరచెయ్యి ఆవిడ ముందు చాచింది.

“నీ మనిషి నీకు దొరికినాడు. ఇప్పుడు నా ఏడుపు నాకిచ్చీ.”

ఆవిడ రికార్డింగ్ ఉన్న ఫోను చాపింది. అమ్మ దాన్ని పక్కకు తోసేసింది. ఆవిడ నా వైపు చూసింది, సాయం చెయ్యమన్నట్టు. నేను చూపు తిప్పుకున్నాను. తెల్లావిడ కంగారుగా నా పక్కకొచ్చి, వో క్యా బోల్ రహీ హై, ఏమంటోందావిడ అని అడిగింది.

“వాపస్ మాంగ్ రహీ హై” అన్నాను, తిరిగిచ్చెయ్యమంటోందని.

“క్యా?”

అమ్మ చెయ్యి అలాగే చాచి ఉంది.