జడ నేర్పిన మేకలాయన

పక్షవాతం వచ్చిన నా భార్యను ధర్మపురి ఆసుపత్రికి వ్యాయామానికి తీసుకెళ్ళే రోజుల్లో, వరండాలో ఒకాయన కనబడేవాడు. మారండహళ్ళి దగ్గర మేకలు మేపుతాడు. ఆయన భార్యదీ అదే జబ్బు. గుబురు మీసాలాయన, మోటు చేతులతో ఆమెకు నున్నగా జడ అల్లి, రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసుకునేవాడు.

నా భార్య కుడి చెయ్యి లేవదు. జుట్టంతా చిక్కు. "కత్తిరించేయండి" అని ఒకరోజు ఏడ్చింది.

ఆయన విన్నాడు. "కత్తెర ఎందుకప్పా? నేను నేర్పిస్తాను రా" అంటూ మూడు గుడ్డపీలికలు బెంచీకి కట్టి నా చేతికిచ్చాడు. చుట్టూ అందరూ నవ్వారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

"నవ్వనీలేప్పా. నన్ను చూసి కూడా నవ్వినారు. నవ్వినోళ్ళే మళ్ళీ ఆమె తలకు నూనె తెచ్చిచ్చినారు."

వారం రోజులు పీలికలు అల్లాక, అదే బెంచీ మీద భార్యకు జడ వేశాను.

"వంకరే. అయినా నిలుస్తాది" అని ఆయన తేల్చాడు.

ఆమె ఎడమచేత్తో జడను ముందుకు లాక్కుని చివరిదాకా తడిమింది. జబ్బు పడ్డాక మొదటిసారి నవ్వింది, నోటికి ఒక పక్కనే.

"రేపు ఇంకా కొంచెం గట్టిగా వేయండి" అంది.