తాతయ్య గొంతు పట్టేసిన రోజు

నా చిన్నప్పుడు ఉప్పాడలో మా చిన్నాన్న వీధిలోకి వస్తుంటే కుక్కలు కూడా లేచి దారి ఇచ్చేవి. అంత ఠీవి ఆయన నడకలో. దొరల పల్టనులో చేరి, బర్మా దాకా వెళ్ళి, వాళ్ళు ఇక చాలు పొమ్మంటే తిరిగి వచ్చాడు. మాది చేపలు పట్టే ఇల్లు. ఆయన ఇత్తడి బొత్తాల కోటు తోమే పనిని నేను అన్నయ్యలతో దెబ్బలాడి మరీ సంపాదించుకున్నాను.

కోటు మెరిసింది కాని ఆయనకు పని దొరకలేదు. కాకినాడలో ఏ కొట్టుకు వెళ్ళినా "నీకేం వచ్చు?" అని అడిగేవారట. "చెప్పింది చేస్తానండి" అనేవాడట చిన్నాన్న. పల్టనులో అన్నేళ్ళూ ఆయనకు అన్నం పెట్టిన జవాబు అది. చివరికి ఒక బియ్యం షావుకారుగారు వాకిట్లో కాపలాకు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాణ్ణి లోపలికి రానివ్వొద్దన్నారు. కొద్దిరోజులకే వాళ్ళ కొత్త అల్లుడుగారు మొదటి పండక్కి బండి దిగారు. చిన్నాన్న కర్ర అడ్డం పెట్టాడు. నేను అల్లుణ్ణి మొర్రో అని ఆయన మొత్తుకున్నా, ఆ మాట షావుకారుగారు చెప్పలేదు కనుక కర్ర తీయలేదు. షావుకారుగారు పూజ ముగించుకుని వచ్చేదాకా అల్లుడుగారు పట్టుబట్టలతో ఎండలో నిలబడ్డారు. ఆ అలక తీరడానికి ఏం పెట్టారో తెలియదు కాని, చిన్నాన్న మాత్రం సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేశాడు. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఇక రంగం పోతానన్నాడు. రంగూన్‌ను మా వైపు అలాగే అనేవాళ్ళు. అక్కడైతే పని చెప్పే మేస్త్రీ ఉంటాడని ఆయన ధైర్యం. సోమవారం ఓడ. మా మామ్మకు ముద్ద దిగడం మానేసింది. ఒకసారి పోయి వచ్చిన కొడుకు రెండోసారి రాడని ఆవిడ భయం. ఉండమని ఒక్క మాట చెప్పమంటూ తాతయ్య ప్రాణం తీసేది. "చెబితే ఉంటాడే. రేపు నేను పోయాక ఎవరు చెబుతారు?" అని ఆయన చుట్ట వెలిగించుకునేవాడు.

శనివారం పొద్దున్న అలివి వల వేశారు. ఆ వలను పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్ళి నెలవంకలా దింపుతారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు జట్ల చేతుల్లో ఉంటాయి. రెండూ సమంగా రావాలి. ఒక వైపు వెనకబడితే చేప ఆ వైపు నుంచే జారిపోతుంది. అందుకే మధ్యలో ఒక మనిషి నిలబడి రెండు జట్లకూ కేక వేస్తాడు. మా ఒడ్డున ఆ మనిషి మా తాతయ్య. ఆ రోజు ఆయన మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గొంతు మీద చెయ్యి వేసుకుని, మాట రావడం లేదన్నట్టు తల ఊపాడు. నేను మిరియాల కషాయం కోసం ఇంటికి పరిగెత్తాను.

గిన్నె పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఒడ్డంతా గోల. వల నిండా చేప ఉంది. దక్షిణపు జట్టు ఉత్సాహం పట్టలేక లాగేస్తోంది, ఉత్తరపు జట్టు వెనకబడిపోయింది. నీళ్ళలో నెత్తళ్ళ చేపలు మెరుస్తూ అటు తిరుగుతున్నాయి. మా వీధి మొత్తం కూడు ఆ వలలో ఉంది. దక్షిణపు తాడు మీద ఉన్న చిన్నాన్న, "నాన్నా! అటు ఎనకబడిపోతంది! ఏం చెయ్యమంటావ్?" అని అరిచాడు. తాతయ్య గొంతు చూపించాడు. చిన్నాన్న మళ్ళీ అరిచాడు. తాతయ్య సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు.

చిన్నాన్న తాడు వదిలేసి మధ్యకు ఉరికాడు. "హాల్ట్!" అన్నాడు. ఆ మాటకు అర్థం అక్కడ ఎవరికీ తెలియదు. కాని ఆ గొంతుకు రెండు జట్లూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయాయి, తాళ్ళు బిగిసిపోయాయి. దక్షిణాన్ని అలాగే పట్టుకోమని, ఉత్తరాన్ని లాగమన్నాడు. మొదట కవాతు చేయించినట్టు గబగబా లాగించబోయాడు. వెనక్కి పోయే అల తాడును గుంజుకుంటే ఇద్దరు వెల్లకిలా పడ్డారు. అప్పుడు ఆయన కళ్ళు అల మీదికి వెళ్ళాయి. అల వస్తే లాగమనీ, పోతుంటే బిగబట్టమనీ కేక మార్చాడు. అబ్బ, ఆ కేక! కాకినాడ దాకా వినబడి ఉంటుంది. పిల్లలం కూడా తాళ్ళకు వేలాడాం. నా కషాయం ఎప్పుడో ఇసుక పాలైంది. వల ఒడ్డెక్కగానే చందువ చేపలు కాళ్ళ మీద ఎగిరెగిరి పడ్డాయి. మామ్మ ఏడుస్తూ, నవ్వుతూ, ఉత్త చేతులతో పరిగెత్తుకొచ్చింది. తట్ట ఇంట్లోనే మరిచిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య గొంతు ఖంగుమంది. "పులుసులో ముక్క ఇంకోటి వెయ్యవే!"

అందరం నోళ్ళు తెరిచి చూశాం. పల్టను నుంచి వచ్చాక చిన్నాన్న నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. సోమవారం ఓడకు తీసుకెళ్ళడానికి రంగం మేస్త్రీ వచ్చేసరికి ఆయన ఒడ్డున రెండు తాళ్ళ మధ్య ఉన్నాడు. చివరిదాకా అదే ఆయన పని. కోటు మాత్రం గుంజకు వేలాడింది. దాన్ని తోమడం నేను మానలేదు.

ఇప్పుడు నాకు పళ్ళు లేవు కాని గొంతు గట్టిదే. అయినా ఇంట్లో ఎవరైనా వచ్చి "ఏం చెయ్యమంటావు మామ్మా?" అని చేతులు కట్టుకుని నిలబడితే, నాకు గొంతు పట్టేస్తుంది. పాపం, కంగారుపడి కషాయం కాచి తెస్తారు. అది తాగుతూ సముద్రం వైపు తిరిగి కూర్చుంటాను.