మావాడు మొదటిసారి గడ్డం గీసుకున్న రోజు

డెబ్బైల్లో మేం తిరువూరులో ఉండేవాళ్లం. మావారు పోయి అప్పటికి ఏడాది. ఆయన చివరిసారి గడ్డం గీసుకున్న బ్రష్షుకి సబ్బు నురగ అలాగే ఎండిపోయి ఉండేది. ఆ బ్రష్షును పెట్టెలో దాచి, ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా అబ్బాయి పదో తరగతి. స్కూల్లో గ్రూపు ఫోటో తీసే రోజు పొద్దున్నే నేను నీళ్లు తెచ్చేసరికి, వాడు పెరట్లో అద్దం ముందు నిలబడి ఉన్నాడు. బుగ్గల నిండా నురగ, గడ్డం కింద రక్తం, చేతిలో వాళ్ల నాన్న బ్రష్షు. బ్రష్షుకి ఎండి ఉన్న ఆయన నురగంతా కరిగిపోయింది.

నాకు ఒళ్లు తెలియలేదు. చెంప మీద ఒక్కటిచ్చాను.

"ఎవరు ముట్టుకోమన్నార్రా? నాన్న గుర్తు కాస్తా కడిగేశావు కదరా!"

వాడు తల దించుకున్నాడు. "ఫోటోకి అందరూ గీసుకుని వస్తున్నారమ్మా. నాన్నుంటే నేర్పేవాడు. నాకు చేతకాలేదు" అన్నాడు.

అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత లేచి అద్దం పట్టుకున్నాను. ఆయన గీసుకునే తీరు గుర్తు తెచ్చుకుంటూ, "పైనుంచి కిందికి, మెల్లిగా నాన్నా" అని చెబుతూ నిలబడ్డాను.

మీసం మొలిచిన కొడుకును చూసి ఏ తల్లైనా మురిసిపోతుంది. నేను మాత్రం ఆ రోజు వాణ్ణి కొట్టాను. ఇన్నేళ్లయినా ఆ దెబ్బ నాకే నొప్పెడుతోంది.